బయ్యన్న కోసిన మేకు

అనగా అనగా, కొండదారులు మనుషులకంటే మృగాలకే బాగా తెలిసిన కాలంలో, గట్టుపాళెం అని ఒక చిన్న రాజ్యం ఉండేది. దానికి తిమ్మానాయకుడు దొర. కోట చిన్నది, సైన్యం ఇంకా చిన్నది. అయినా ప్రజల కష్టం చెవిన పెట్టే మనిషి ఆయన.

ఆ పాళెం చివర, అడవి మొదలయ్యే చోట, బయ్యన్న అనే వేటగాడు తన భార్య సుంకులమ్మతో కాపురం ఉండేవాడు. పంటలను తొక్కే పందులను, మందల మీద పడే తోడేళ్ళను ఉచ్చు వేసి పట్టడం వాళ్ళ పని.

ఉచ్చులో పైకి కనిపించేది తాడూ, ముడీ. మృగం కాలు పడితే ముడి బిగుసుకుంటుంది. ఆ తాడు చివర గొలుసు ఉంటుంది. గొలుసు చివర ఒక కొయ్యమేకు ఉంటుంది. మేకును నేలలోకి దిగగొట్టి, పైన మట్టి కప్పేస్తారు. మృగం ఎంత గుంజుకున్నా దాన్ని ఆపేది ఆ మేకే. కాని అది ఎవరి కంటా పడదు.

బయ్యన్న ముడి వేస్తే చూడముచ్చటగా ఉండేది. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి చూసి మెచ్చుకునేవారు. మేకుల సంగతి సుంకులమ్మ చూసుకునేది. చేవదేరిన తుమ్మకొమ్మను ఎంచి, నరికి, నీడన ఆరబెట్టి, మొనను నిప్పుల మీద కాల్చి గట్టిపరిచేది. ఉచ్చు వేసే చోట పిడికెడు మట్టి తీసి వేళ్ళతో నలిపి చూసి, ఇక్కడ ఇంత పొడుగు మేకు కావాలని చెప్పేది. తర్వాత ఇద్దరూ కలిసి సమ్మెటతో దిగగొట్టేవారు. ఆ పనిని మెచ్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు. సుంకులమ్మ అందుకు బాధపడిందీ లేదు.

ఒక ఏడాది వానాకాలానికి ముందు సుంకులమ్మకు ఆడపిల్ల పుట్టింది. పసిబిడ్డతో అడవికి పోవడం కుదరదు. అందుకని బయ్యన్న ఒక్కడే బయలుదేరాడు. ఆమె మేకులన్నీ వాకిట్లో పేర్చి పెట్టింది.

"నేల చూసి మేకు ఎంచుకో. దిగగొట్టినాక రెండు చేతులా పట్టి పైకి గుంజు. నీకే కదిలితే మృగానికి ఊడి వస్తుంది. ఈ మాట ఒక్కటి మరవకు" అన్నది.

"నాకు తెలీనిదా" అని నవ్వి, బయ్యన్న అన్నిటికంటే పొట్టి మేకులను భుజాన వేసుకున్నాడు. అవి మోయడానికి తేలిక.

మొదట ఏటి ఒడ్డు రైతులు వచ్చారు. కొర్రచేలో పందులు పడుతున్నాయన్నారు. బయ్యన్న వెళ్ళి, పందులు నీళ్ళకు దిగే దారిలో ఉచ్చు వేశాడు. అక్కడంతా ఇసుక. పొట్టి మేకు సమ్మెట ఎత్తి కొట్టగానే సరసరా దిగిపోయింది. ఇంత సులువుగా దిగింది, ఎంత బాగుందో అనుకున్నాడు. గుంజి చూడలేదు.

తెల్లవారి వెళ్ళి చూస్తే పంది పడింది, పోయింది. ఇసుకలో ఒక గుంట, చేను పొడుగునా గొలుసు ఈడ్చుకుపోయిన చాలు. పంది ఆ గొలుసుతోనే కొర్రచేను సగం తొక్కి, చివరకు గట్టు మీద తాడు జార్చుకుని వెళ్ళిపోయింది.

"ఏమైంది బయ్యన్నా?" అని రైతులు అడిగారు.

"తాడు తెగింది" అన్నాడు బయ్యన్న. అప్పటికే మేకును గడ్డిలోకి నెట్టేశాడు.

ఇంటికి వచ్చాక సుంకులమ్మ తాడు అందుకుని కొస నుంచి కొస దాకా చూసింది. ఎక్కడా తెగలేదు. ఆమె గొడవపడలేదు. "ఇసుకలో సులువుగా దిగిన మేకు సులువుగానే వస్తుంది. అక్కడ నిలువెత్తు మేకు కావాలి. అదీ నిలువునా కాదు, పంది గుంజే వైపుకు ఎదురుగా వాల్చి కొట్టాలి" అని మాత్రం చెప్పింది.

బయ్యన్న తల ఊపాడు. ఆ తర్వాత పొడుగు మేకులే పట్టుకుపోయాడు. కాని తాడు తెగిందన్న మాటను మాత్రం రైతుల దగ్గర సరిదిద్దలేదు.

రెండోసారి అక్కులమ్మ వచ్చింది. ఆమె మేకలు కాచుకుని బతికే మనిషి. భర్త పోయాక మందను ఒక్కతే సాకుతోంది. దొడ్డి దగ్గరకు తోడేలు వస్తోందని చెప్పింది. ఆమె దొడ్డి నల్లరేగడి నేలలో ఉంది. ఎండకు ఆ నేల గట్టిగా బిగిసి ఉంది. బయ్యన్న ఈసారి పొడుగు మేకు తీసుకుని, చెమటలు కారేలా సమ్మెటతో కొట్టి, తలదాకా దిగగొట్టాడు. గుంజి చూశాడు. ఇంత కూడా కదలలేదు. తృప్తిగా ఇంటికి వచ్చాడు.

మరునాటి సాయంత్రం వాన మొదలైంది. ఆగకుండా కురిసింది.

"రేగడి నాని మెత్తబడి ఉంటుంది. వాన పడితే మేకును మళ్ళీ చూసుకోవాలి. ఒకసారి పోయి రారాదా?" అని సుంకులమ్మ అన్నది.

బయ్యన్న పొయ్యి దగ్గర కూర్చుని వేయించిన జొన్నపేలాలు తింటున్నాడు. "నిన్న నేను గుంజి చూశాను కదా. నిన్న కదలనిది ఇవాళ కదులుతుందా?" అన్నాడు. వెళ్ళలేదు.

తోడేలు ఆ వానలోనే ఉచ్చులో పడింది. బురదలో నుంచి మేకును జర్రున లాక్కుని, గొలుసూ మేకూ ఈడ్చుకుంటూ అడవిలోకి పోయింది. కొన్నాళ్ళకు అక్కులమ్మకే అది కనిపించింది. గొలుసు ఒక రేగుపొదకు చుట్టుకుపోయి, తోడేలు కదలలేక, తిండీ నీళ్ళూ లేక చచ్చిపడి ఉంది. పొద చుట్టూ నేలంతా గోళ్ళతో గీరిన గుర్తులు.

అక్కులమ్మ బయ్యన్నను పిలుచుకొచ్చి చూపించింది. "నా మేకపిల్లల్ని తిన్నదే. ఇది చావాలని నేనే మొక్కుకున్నా. అయినా ఇన్నాళ్ళు ఇట్లా కొట్టుకుని పోవాల్సింది కాదు నాయనా" అన్నది.

బయ్యన్న వంగి గొలుసు విప్పుకున్నాడు. ఆ రోజు అన్నం సగంలో వదిలేసి లేచాడు.

ఊళ్ళో మాత్రం సంబరం. తోడేలు చచ్చింది, బయ్యన్న చంపాడు అన్నారు. కబురు కోటకు చేరింది. తిమ్మానాయకుడు బయ్యన్నను పిలిపించి, పదిమందిలో అంచుశాలువా కప్పాడు. "దొరా, అది నా గొప్ప కాదు" అనే మాట బయ్యన్న నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆ మాట అనకుండానే దణ్ణం పెట్టి వచ్చేశాడు.

చలికాలం వచ్చింది. ఈసారి చిరుతపులి దిగింది.

మొదట కొండవాలున మేకలను ఎత్తుకుపోయింది. తర్వాత గుడిసెల వెనకదాకా వచ్చింది. జనం పొద్దువాలక ముందే తలుపులు బిగించుకుంటున్నారు. అక్కులమ్మ మందలో సగం పోయింది. తిమ్మానాయకుడు బయ్యన్నను పిలిచి చెప్పాడు:

"అది కనుమదారిన దిగుతోందని మావాళ్ళు జాడ చూశారు. దాన్ని చంపవద్దు. కాలు పట్టి ఆపితే వలలు వేసి, బోనులో పెట్టి, ఏటి అవతలి పెద్దడవిలో వదిలిపెడదాం. అక్కడ దానికి తిండి ఉంది, మనకు నిద్ర ఉంటుంది. రేపు పొద్దున నేనూ వస్తాను. అప్పటికి ఉచ్చు సిద్ధంగా ఉండాలి."

కనుమ అంటే రెండు కొండల నడుమ సన్నటి దారి. పైన పలచగా ఎర్రమట్టి, కింద బండ. బయ్యన్న మేకు నిలబెట్టి సమ్మెట ఎత్తాడు. మూరెడు దిగేదాకా దెబ్బ మెత్తగా పడింది. ఆ తర్వాత మోత మారింది. సమ్మెట ఠంగుమని ఎగిరి చేతులు జివ్వుమన్నాయి. మేకు ఊడబెరికి పక్కన కొట్టాడు. అక్కడా మూరెడే. ఇంకొంచెం ఎగువన కొట్టాడు. అక్కడా అంతే.

పొద్దు కొండ వెనక్కి జారుతోంది. ఇంటికి పోయి సుంకులమ్మను అడిగి రావచ్చు. కాని పొద్దున దొర వచ్చేసరికి ఏమీ లేకపోతే? శాలువా కప్పించుకున్నవాడికి మేకు దిగలేదంటే నవ్వరా?

బయ్యన్న రంపం తీశాడు. బండకు తగిలి నిలిచిన మేకును నేలకు సమంగా కోసేశాడు. కోసిన ముక్కను లోయలోకి విసిరేశాడు. గొలుసు తగిలించి, మట్టి కప్పి, చేత్తో అదిమాడు. చూసినవాళ్ళకు మేకు నిలువునా భూమిలోకి దిగినట్టే ఉంది.

మరునాడు పొద్దున్నే తిమ్మానాయకుడు వచ్చాడు. వెంట దళవాయి, అంటే సైన్యం చూసుకునే పెద్ద. వాళ్ళ వెనక వలలు మోసే భటులు, చూడవచ్చిన జనం. దళవాయి మట్టి తప్పించి మేకు తల చూశాడు. "తలదాకా దిగింది. పని అంటే ఇదీ" అని మెచ్చుకున్నాడు.

చివరగా అక్కులమ్మ వచ్చింది. ఎర కోసం తన మేకను ఇస్తానన్నది ఆమే. కొత్తవాళ్ళు పట్టుకుంటే అది అరవదు, బిగుసుకుపోతుంది. అందుకని సాయంత్రం దాని పక్కన తానే కూర్చుంటానన్నది. ఆమె బయ్యన్న దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది:

"బయ్యన్నా, పులి పడినాక నామీదికి దూకుతుంది కదా. గొలుసు ఎంతవరకు వస్తుందో చెప్పు. దాని అవతల కూర్చుంటా. నువ్వు ఎక్కడ కూర్చోమంటే అక్కడ."

బయ్యన్న గొలుసు వైపు చూశాడు. గొలుసు పొడుగు అతనికి తెలుసు. కాని ఆ పొడుగుకు అర్థం లేదని కూడా తెలుసు. మూరెడు మేకు చిరుత ఒక్క గుంజుకు లేచి వస్తుంది. అప్పుడు అక్కులమ్మ ఎక్కడ కూర్చున్నా ఒకటే. రేగుపొద చుట్టూ గోళ్ళ గుర్తులు అతని కళ్ళ ముందు కదిలాయి.

"ఎక్కడా కూర్చోవద్దు అక్కా" అన్నాడు.

తర్వాత దొర ముందుకు వెళ్ళి తలవంచి నిలబడ్డాడు. "దొరా, ఈ మేకు మూరెడే దిగింది. కింద బండ ఉంది. పైన మిగిలింది రంపంతో కోసేశాను. ఇది పులిని ఆపదు. తోడేలు కూడా నా గొప్పవల్ల చావలేదు. వానకు మేకు ఊడితే నేను పోయి చూసుకోలేదు. అందుకే అది అట్లా చచ్చింది. మీరు కప్పిన శాలువా నాది కాదు."

దళవాయి మొహం ఎర్రబడింది. "దొరనే మోసం చేశాడు. వీణ్ణి పాళెం దాటించాలి" అన్నాడు.

తిమ్మానాయకుడు అక్కడి రాతి మీద కూర్చున్నాడు. బయ్యన్నను అడిగాడు. "నిన్న చెప్పలేదు. దళవాయి మెచ్చుకున్నప్పుడూ చెప్పలేదు. ఇప్పుడెందుకు చెప్పావు?"

"ఎక్కడ కూర్చోవాలని అక్క అడిగింది దొరా. దానికి నా దగ్గర జవాబు లేదు."

నాయకుడు ఆ మాట విన్నాడు. "శాలువా తెచ్చి అక్కులమ్మకు ఇవ్వు. మేకపిల్లల్ని పోగొట్టుకుంది ఆమె. ఉచ్చు పని ఇంకెవరికైనా అప్పగిస్తాను" అన్నాడు.

అప్పుడు అక్కులమ్మ ముందుకు వచ్చింది. "దొరా, ఇంకొకడు వచ్చి మేకు గట్టిగా ఉందంటాడు. అది నిజమో కాదో నాకెట్లా తెలుస్తుంది? ఇతను గట్టిగా లేదని చెప్పినాడు. పులి ముందు కూర్చునేది నేను. ఇతన్నే వెయ్యనీండి. గట్టిగా ఉందని ఇతను చెబితే నేను కూర్చుంటా."

నాయకుడు ఆమె వైపు చూసి, బయ్యన్న వైపు చూసి, సరేనన్నాడు.

బయ్యన్న ఇంటికి వెళ్ళాడు. జరిగిందంతా ఒక్క మాట దాచకుండా సుంకులమ్మకు చెప్పాడు. ఆమె బిడ్డకు పాలిచ్చి, చీరచెంగుతో వీపున కట్టుకుని లేచింది. "పద, బండ ఉన్నచోట మేకు కాదు, దుంగ కావాలి" అన్నది.

ఇద్దరూ కనుమ అంతా తిరిగారు. ఒకచోట రెండు బండల నడుమ వానలు కొట్టుకొచ్చిన మట్టి లోతుగా పేరుకుని ఉంది. గడ్డపారతో పొడిచి చూస్తే అది తలదాకా దిగింది. అక్కడ పొడుగాటి గొయ్యి తవ్వారు. చేవగల తుమ్మదుంగను అందులో అడ్డంగా పడుకోబెట్టారు. దాని నడుముకు గొలుసు చుట్టారు. గొలుసు మెలిపడి తెగకుండా, తిరిగే కడియం ఒకటి నడుమ వేశారు. దుంగ రెండు కొసలనూ బండల అంచుల కిందికి నెట్టారు. ఆపైన రాళ్ళు, మట్టి, మళ్ళీ రాళ్ళు. ఒక్కో పొర వేసి, నీళ్ళు చల్లి, మట్టి గట్టిపడేలా దిమ్మిసతో కొట్టారు. బయ్యన్న అరచేతులు బొబ్బలెక్కాయి. సుంకులమ్మ దిమ్మిస అందుకోబోతే, "ఈ పొర కూడా నన్నే కొట్టనీ" అన్నాడు.

పూడ్చడం అయ్యాక గొలుసు పట్టుకుని గుంజాడు. కదలలేదు. అంతటితో ఆగలేదు. దొరను అడిగి కోటలోని ఎద్దుల జత తెప్పించి, గొలుసుకు కట్టి అదిలించాడు. ఎద్దులు గిట్టలు నేలకు తన్ని, మెడలు వంచి లాగాయి. గొలుసు తీగలా బిగిసింది. దుంగ చెక్కుచెదరలేదు.

బయ్యన్న గొలుసునూ తాడునూ చాపి, అవి అందే చోట కర్రతో గీత గీశాడు. దానికి ఇంకొంత అవతల ఒక రాయి పెట్టాడు. "ఇక్కడ కూర్చో అక్కా. ఇది గట్టిగా ఉంది" అన్నాడు.

అక్కులమ్మ మేకను అక్కడ కట్టేసి ఆ రాయి పక్కన కూర్చుంది. బయ్యన్న వెళ్ళి ఆమె పక్కనే కూర్చున్నాడు. అతన్ని కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

పొద్దు వాలుతోంది. మేక రెండుసార్లు అరిచింది. కనుమ ఎగువన రాళ్ళ నడుమ పసుపుపచ్చని ఒళ్ళు కదిలింది. చిరుత చప్పుడు లేకుండా దిగి వచ్చి, ఆగి, గాలి పీల్చి, మళ్ళీ అడుగు వేసింది. ముడి బిగిసింది.

చిరుత ఒక్కసారిగా గాలిలోకి లేచింది. నేరుగా వాళ్ళ మీదికే దూకింది. అక్కులమ్మకు దాని మీసాలు కనిపించాయి, ఊపిరి వాసన తగిలింది. గొలుసు ఫెళ్ళుమని బిగిసింది. చిరుత కర్రగీత మీదనే నేలకు పడింది. లేచి మళ్ళీ దూకింది, మళ్ళీ అక్కడే ఆగింది. రెండు బండల నడుమ మట్టి మీద ఒక్క పగులు కూడా రాలేదు.

భటులు వలలు విసిరారు. పైన దుప్పట్లు కప్పారు. చీకటి పడేలోగా చిరుత బోనులో ఉంది. దాని కాలు వాచింది గాని, ఎముక విరగలేదు. మరునాడు ఏరు దాటించి బోను తలుపు ఎత్తితే, ఒక్కసారి వెనక్కి చూసి పెద్దడవిలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ గట్టుపాళెం వైపు రాలేదు.

పని ముగిశాక బయ్యన్న ఏటి ఒడ్డుకు వెళ్ళి రైతులను కూర్చోబెట్టి, ఆనాడు తాడు తెగలేదనీ, పొట్టి మేకు తనే వేశాననీ చెప్పాడు. వాళ్ళు కాసేపు గొణిగారు. ఒక ముసలి రైతు, "పోయిన కొర్రలు రావు గాని, ఇప్పుడు పందులు మళ్ళీ పడుతున్నాయి. వచ్చి వెయ్యి" అన్నాడు.

ఆ రోజు నుంచి బయ్యన్నకు ఒక అలవాటు వచ్చింది. మేకును తలదాకా దిగగొట్టే ముందు ఆపి, ఆ ఉచ్చు దగ్గర నిలబడబోయే ప్రతివాణ్ణీ పిలిచేవాడు. "నువ్వు గుంజి చూడు. నీకు నమ్మకం కుదిరాకే మట్టి కప్పుతాను" అనేవాడు. జనం వచ్చి గుంజి చూసేవారు. కొన్నాళ్ళకు వాళ్ళు రావడం మానేశారు. బయ్యన్న వేశాడంటే చూడక్కర్లేదన్నారు. అయినా అతను పిలవడం మానలేదు.

పిల్లలూ, మట్టి కింద ఉండిపోయే పనిని ఎవరూ చూడరు. కాని ఒకరి ప్రాణం దాని మీదే నిలబడి ఉంటుంది కనుక, ఎవరూ చూడని చోటనే మరింత నిజాయితీగా పని చేయాలి.